ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.5 సోర్స్ నుంచి బిల్డ్ చేసుకోవడం: ఒక వైజాగ్ ఇంజనీరు రివ్యూ

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అంటే నెట్ మీద వెళ్లే డేటాని రహస్యంగా ఉంచడానికి ప్రోగ్రామ్‌లు వాడుకునే ఉచిత లైబ్రరీ. ముందే చెప్పేస్తాను, దాని 3.5 వర్షన్‌కి నేను ఐదుకి నాలుగు ఇస్తాను. పోయిన ఆ ఒక్క మార్కు క్రిప్టోగ్రఫీలో పోలేదు. కంపైల్ అవ్వడంలోనూ పోలేదు. కంపైల్‌కి ముందు కాసేపు, ఇన్‌స్టాల్ అయ్యాక చాలాసేపు మనల్ని కూర్చోబెడుతుంది చూడండి, అక్కడ పోయింది. ఈ లైబ్రరీ బిల్డ్ అవ్వలేదని ఎవరైనా నా దగ్గరికి వస్తే నేను సీ కోడ్ వైపు చూడను. వాళ్ల మెషీన్‌లో పెర్ల్ (బిల్డ్‌ని నడిపే స్క్రిప్ట్ భాష) ఎలా ఉంది, ఫైళ్లు ఏ ఫోల్డర్‌లోకి వెళ్లాయి, రన్ చేసేటప్పుడు లోడర్ (ప్రోగ్రామ్‌కి కావాల్సిన లైబ్రరీలని వెతికి తెచ్చేది) ఏ ఫైల్ ఎత్తుకుంది అని అడుగుతాను. దాదాపు ఎప్పుడూ ఆ మూడింట్లో ఒకటే దొరుకుతుంది.

మాది మధురవాడలో చిన్న ఆఫీసు. రొయ్యల ఎగుమతిదారుల కోల్డ్ స్టోరేజీల్లో ఉష్ణోగ్రత రీడింగులు తీసి సర్వర్‌కి పంపే చిన్న డబ్బాలు చేస్తాం. లోపల 32 బిట్ ఏఆర్‌ఎం బోర్డు, దాని మీద డెబియన్ 11. రీడింగులన్నీ టీఎల్‌ఎస్ అనే రహస్య కనెక్షన్ పద్ధతి మీదే వెళ్లాలి, ఎందుకంటే సరుకు కొనే విదేశీ పార్టీలు ఆ రికార్డు అడుగుతాయి. డెబియన్ 11తో వచ్చేది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1. దానికి అసలు ప్రాజెక్టు వైపు నుంచి ఉచిత సపోర్ట్ 2023 సెప్టెంబర్ 11తో అయిపోయింది. డెబియన్ వాళ్లు తమ వైపు నుంచి ప్యాచ్‌లు ఇస్తూనే ఉన్నారు, నిజమే. కానీ ఆడిట్‌కి వచ్చినాయనకి ఆ సంగతి చెప్పి ఒప్పించడం కంటే కొత్త వర్షన్ బిల్డ్ చేసుకోవడమే తేలిక. ఆడిటర్లతో పనిచేసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

సరుకు సంగతి రెండు ముక్కల్లో. 1998లో ఎస్‌ఎస్‌ఎల్‌ఈఏవై అనే పాత లైబ్రరీ నుంచి పుట్టింది ఇది. 2014 ఏప్రిల్‌లో ఇందులో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద భద్రతా లోపం బయటపడినప్పుడు ప్రపంచమంతా దీని పేరు మొదటిసారి విన్నది. మా ఊరివాళ్లకి 2014 అంటే అక్టోబర్ 12, హుద్‌హుద్. రెండూ ఒకే ఏడాది రావడంతో నాకు హార్ట్‌బ్లీడ్ సంవత్సరం ఎప్పుడూ మర్చిపోయే పని లేదు. 2021 సెప్టెంబర్ 7న 3.0 వచ్చింది, లోపలి నిర్మాణం బాగా మారింది, లైసెన్సు అపాచీ 2.0 అయింది. 2025 ఏప్రిల్ 8న వచ్చిన 3.5 దీర్ఘకాల సపోర్ట్ ఉన్న వర్షన్, ఐదేళ్లు నడుస్తుంది. క్వాంటమ్ కంప్యూటర్లకి తట్టుకుంటాయనుకునే ఎంఎల్-కెమ్, ఎంఎల్-డీఎస్‌ఏ, ఎస్‌ఎల్‌హెచ్-డీఎస్‌ఏ అల్గారిథమ్‌లు ఇందులో లోపలే ఉన్నాయి. ఇంత సరుకు పైసా ఖర్చు లేకుండా వస్తోంది. కాబట్టి ఇకపై నా గొణుగుడంతా ఇష్టంతో గొణిగేదే అనుకోండి.

అసలు మీకు బిల్డ్ అవసరమా? లాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకుని వెబ్‌సైట్లు రాసుకునేవాళ్లకి అవసరం లేదు. ఉబుంటు 22.04లో 3.0.2, 24.04లో 3.0.13 ఉంటాయి. నంబర్ పాతగా కనిపిస్తుంది కానీ భద్రతా ప్యాచ్‌లు అందులోకే వస్తుంటాయి. నంబర్ కోసం సిస్టమ్ లైబ్రరీ మీద కొత్తది ఓవర్‌రైట్ చేస్తే ఎస్‌ఎస్‌హెచ్ పోతుంది, కర్ల్ పోతుంది, పైథాన్ పోతుంది. రుషికొండ వైపు ఆఫీసులో కూర్చుని ఎక్కడో డేటా సెంటర్‌లో ఉన్న సర్వర్ మీద ఈ పని చేశారంటే, ఎస్‌ఎస్‌హెచ్ పోయాక లోపలికి వెళ్లే దారి కూడా ఉండదు. బిల్డ్ చేసేదేదైనా ఆప్ట్ ఫోల్డర్ కింద దానికంటూ ఒక చోటు పెట్టి అక్కడికే పంపండి. ఇన్‌స్టాల్ ఏ ఫోల్డర్‌లోకి వెళ్లాలో చెప్పే ప్రిఫిక్స్ ఆప్షన్ ఉన్నదే అందుకు.

ఇక పెర్ల్. ఈ లైబ్రరీ బిల్డ్ అంతా కాన్ఫిగర్ అనే పెర్ల్ స్క్రిప్ట్ చేతిలో ఉంటుంది. సీమేక్‌కి, ఆటోకాన్ఫ్‌కి అలవాటుపడిన పిల్లలు ఇక్కడే మొదట తెల్లమొహం వేస్తారు. రెడ్‌హ్యాట్, ఫెడోరా రకాల చిన్న కంటెయినర్ ఇమేజ్‌లలో పెర్ల్ ఉంటుంది కానీ ముక్కలుగా ఉంటుంది. కాన్ఫిగర్ నడపగానే ఐపీసీ కింద సీఎండీ అనే మాడ్యూల్ దొరకలేదంటుంది. అది పెడితే ఇంకోటి అడుగుతుంది. అదీ పెడితే మరోటి. కరెంటు ఆఫీసులో ఒక్కో కౌంటర్ దగ్గర ఒక్కో కాగితం అడిగినట్టే. ఒక్కోటీ వెతుక్కుంటూ కూర్చోకుండా, పెర్ల్ అనే పేరుతో ఉన్న పూర్తి ప్యాకేజీని, ప్యాకేజీలు పెట్టే డీఎన్‌ఎఫ్ కమాండ్‌తో ఒకేసారి వేసేయండి. అందులో కోర్ మాడ్యూల్స్ అన్నీ వచ్చేస్తాయి. పెర్ల్ ఇంటర్‌ప్రిటర్ అనే చిన్న ప్యాకేజీ ఒక్కటే ఉన్నప్పుడే ఈ బాధంతా. ఉబుంటు, డెబియన్‌లలో మామూలుగా ఈ గొడవ రాదు.

ఇంకొకటి, విండోస్‌లో గిట్‌తో సోర్స్ దించుకుని అదే ఫోల్డర్‌ని డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్‌లోనే నడిచే లినక్స్) లోంచి బిల్డ్ చేసేవాళ్లకి. పెర్ల్ పక్కన స్లాష్ ఆర్ అని ఒక తోక తగిలించి, అలాంటి ఫైల్ లేదని చెబుతుంది. పెర్ల్ ఉంది కదా, లేదంటుందేమిటి అని తల పట్టుకుంటారు. ఉన్నది పెర్లే, కానీ విండోస్ గిట్ ప్రతి లైన్ చివరా ఒక అదనపు అక్షరం పెట్టేసింది, దాంతో స్క్రిప్ట్ మొదటి లైన్‌లో పేరు మారిపోయింది. ఆ ఫైళ్లని ఒక్కోటీ సరిచేయడం దండగ. లినక్స్ వైపు నుంచే మళ్లీ దించుకోండి, అదీ ప్రాజెక్టువాళ్లు విడుదల చేసిన టార్‌బాల్, అంటే సోర్స్ అంతా ఒకటిగా కట్టిన ఫైల్. దాని పక్కనే చెక్‌సమ్, సంతకం ఫైలు ఉంటాయి, చూసుకోండి. క్రిప్టో లైబ్రరీని సంతకం చూడకుండా దించుకోవడం ఏం బావుంటుంది?

కంపైల్ గురించి రాయడానికి పెద్దగా లేదు. జరిగిపోతుంది. రెండు సలహాలు మాత్రం. సోర్స్ ఫోల్డర్‌లోనే బిల్డ్ చేయకండి. పక్కన ఖాళీ ఫోల్డర్ తెరిచి అందులోంచి కాన్ఫిగర్‌ని పిలవండి. ఆప్షన్లు మార్చి మళ్లీ చేయాల్సి వచ్చినప్పుడు ఆ ఫోల్డర్ తీసి పారేస్తే చాలు, పాత ఆబ్జెక్ట్ ఫైళ్లు మిగిలిపోయి అర్థంకాని లింకర్ ఎర్రర్లు రావు. రెండోది, మామూలుగా మేక్ అంటే మాన్యువల్ పేజీలు కూడా తయారుచేస్తుంది, మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే వాటన్నిటినీ కాపీ చేస్తుంది. వాటికి పట్టే టైమ్ చిన్న బోర్డు మీద తెలుస్తుంది. బిల్డ్ అండర్‌స్కోర్ ఎస్‌డబ్ల్యూ, ఇన్‌స్టాల్ అండర్‌స్కోర్ ఎస్‌డబ్ల్యూ అనే టార్గెట్లు వాడితే డాక్యుమెంట్లు వదిలేసి సాఫ్ట్‌వేర్ మాత్రమే వస్తుంది. వీటితో పాటు ఇన్‌స్టాల్ అండర్‌స్కోర్ ఎస్‌ఎస్‌ఎల్‌డిర్స్ కూడా ఇవ్వండి, లేకపోతే కాన్ఫిగ్ ఫైల్ రాదు.

ఇప్పుడు అసలు కథ.

మా దగ్గర గాజువాక కుర్రాడు ఒకడున్నాడు, చురుకైనవాడు. సర్వర్ వైపు బిల్డ్ వాడికి అప్పజెప్పాను. మధ్యాహ్నం భోజనాలయ్యే వేళకి వచ్చి, "అక్కా, బిల్డ్ అయిపోనాది, టెస్టులన్నీ పాసయ్యాయి, ఇన్‌స్టాల్ కూడా అయిపోనాది. రన్ చేస్తే మాత్రం ఏదో ఫైలు లేదంటంది, ఏటంటారు?" అన్నాడు. నేను స్క్రీన్ చూడకుండానే "లిబ్64" అన్నాను. వాడు నన్ను మంత్రగత్తెని చూసినట్టు చూశాడు.

జరిగేదేమిటంటే, 64 బిట్ ఇంటెల్ లినక్స్ మీద 3.0 దగ్గర్నుంచి ఈ లైబ్రరీ షేర్డ్ ఫైళ్లని ప్రిఫిక్స్ కింద లిబ్ అనే ఫోల్డర్‌లో కాకుండా లిబ్64 అనే ఫోల్డర్‌లో పెడుతుంది. రెడ్‌హ్యాట్ కుటుంబానికి అది అలవాటైన చోటే. ఉబుంటు, డెబియన్‌ల లోడర్‌కి ఆ చోటు తెలియదు. బిల్డ్ ఫోల్డర్‌లో టెస్టులు నడిచేటప్పుడు అక్కడి లైబ్రరీనే చూపించి నడుపుతారు కాబట్టి అవన్నీ పాసవుతాయి. ఇన్‌స్టాల్ అయ్యాక ఆ చేయి పట్టుకునేవాళ్లు ఉండరు.

ఇందులో చాలామంది పట్టించుకోని మెలిక ఒకటుంది. ఒకే కారణం, రెండు వేర్వేరు ఎర్రర్లు. ఉబుంటు 20.04 మీదైతే సిస్టమ్‌లో ఉన్నది 1.1.1, అంటే లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ ఎస్‌ఓ డాట్ 3 అనే ఫైల్ ఎక్కడా లేదు. అందుకని షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్ తెరవలేకపోయాను అంటుంది. అదే 22.04 మీదైతే సిస్టమ్‌లో 3.0.2 ఉంది. దాని ఫైల్ పేరు కూడా సరిగ్గా అదే, డాట్ 3. లోడర్ మీ కొత్త 3.5 ప్రోగ్రామ్‌కి ఆ పాత లైబ్రరీని అతికిస్తుంది. అప్పుడు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 పాయింట్ ఫలానా వర్షన్ సింబల్ దొరకలేదని వేరే ఎర్రర్ వస్తుంది. మొదటి ఎర్రర్ చూసినవాడు ఫైల్ కోసం వెతుకుతాడు, రెండో ఎర్రర్ చూసినవాడు బిల్డ్ పాడైందనుకుని మళ్లీ మొదట్నుంచి కంపైల్ చేస్తాడు. రోగం ఒక్కటే. ఎల్‌డీడీ కమాండ్ ఇచ్చి ఆ ప్రోగ్రామ్ ఏ దారి నుంచి లైబ్రరీ తీసుకుంటోందో చూడండి, అరనిమిషంలో తేలిపోతుంది. ప్రోగ్రామ్ నడుస్తుంటే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వర్షన్ అనే కమాండ్ కూడా పనికొస్తుంది. అది ప్రోగ్రామ్ వర్షన్, పక్కనే బ్రాకెట్లో లైబ్రరీ వర్షన్ చూపిస్తుంది. రెండూ ఒకటే కాకపోతే మీ దారి తప్పినట్టే.

మందు మూడు రకాలు. కాన్ఫిగర్ చేసేటప్పుడే లిబ్‌డిర్ ఆప్షన్‌కి లిబ్ అని ఇవ్వడం, అప్పుడు 64 అనే తోక రాదు, కానీ ఆప్ట్ కింద పెట్టినదానికి ఇదొక్కటే చాలదు, తర్వాతి రెండింట్లో ఒకటి తోడు కావాలి. ఇది నేను ఎప్పుడూ ఇస్తాను, ఎందుకంటే పైథాన్‌ని ఈ లైబ్రరీతో కలిపి సోర్స్ నుంచి బిల్డ్ చేసేటప్పుడు దాని కాన్ఫిగర్ కూడా లిబ్ ఫోల్డర్‌లోనే వెతుకుతుంది. దొరక్కపోతే ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్ లేకుండా పైథాన్‌ని తయారుచేసి ఊరుకుంటుంది. రెండోది ఆర్‌పాత్, అంటే ప్రోగ్రామ్ లోపలే లైబ్రరీ చిరునామా రాసి పెట్టడం. మూడోది సిస్టమ్ లోడర్ జాబితాలో మన ఫోల్డర్ చేర్చి ఎల్‌డీకాన్ఫిగ్ నడపడం. పక్కన పాత డాట్ 3 ఉన్న మెషీన్ మీద ఈ మూడోది నాకు ఇష్టం లేదు. జాబితాలో ముందుకొచ్చిందంటే సిస్టమ్ ప్రోగ్రామ్‌లన్నీ మీ బిల్డ్‌నే వాడటం మొదలుపెడతాయి.

ఆర్‌పాత్ మంచిదే కానీ అందులో ఒక చిన్న ముల్లుంది, దగ్గరగా చూపిస్తాను. యూనిక్స్ నోట్స్ అని లైబ్రరీతో పాటు వచ్చే ఫైల్‌లో, లింకర్‌కి ఇవ్వాల్సిన ఆర్‌పాత్ ఆప్షన్‌లో డాలర్ గుర్తు, ఆ పక్కన బ్రాకెట్లలో లిబ్‌ఆర్‌పాత్ అని రాయమంటారు. ఆ మాట మొత్తానికి సింగిల్ కోట్స్ పెట్టాలి. అలవాటు కొద్దీ డబుల్ కోట్స్ పెట్టారనుకోండి, షెల్ దాన్ని ఒక కమాండ్ అనుకుని నడపబోతుంది. లిబ్‌ఆర్‌పాత్ అనే కమాండ్ దొరకలేదని ఒక్క లైన్ పైన ఎక్కడో కనిపిస్తుంది. దాని కింద కాన్ఫిగర్ తన దారిన తాను నడిచి, విజయవంతంగా కాన్ఫిగర్ అయిందని నక్షత్ర గుర్తులతో డబ్బా గీసి మరీ చెబుతుంది. కళ్లు ఆ డబ్బా మీదే పడతాయి కదా. ఆ తర్వాత కంపైల్ అవుతుంది, ఇన్‌స్టాల్ అవుతుంది, లోపల ఆర్‌పాత్ మాత్రం ఖాళీ. రీడ్‌ఈఎల్‌ఎఫ్‌కి మైనస్ డి ఇచ్చి రన్‌పాత్ లైన్ ఉందో లేదో చూసుకోండి. నా దృష్టిలో ఇక్కడ తప్పు షెల్‌ది, అయినా ఇలాంటిది దొరికితే కాన్ఫిగర్ కాస్త గట్టిగా అరిచి ఉంటే బావుండేది.

ఇవేవీ వద్దు, హోమ్ ఫోల్డర్‌లోని బ్యాష్ ఫైల్‌లో ఎల్‌డీ లైబ్రరీ పాత్ పెట్టేస్తే పోతుంది కదా అంటారు. ఇంటర్నెట్‌లో సగం జవాబులు అవే. మీరు టెర్మినల్‌లో ఉన్నంతసేపు పనిచేస్తుంది. అదే ప్రోగ్రామ్ సర్వీస్‌గా రాత్రి పూట లేచినప్పుడు దానికి మీ బ్యాష్ ఫైల్ సంగతే తెలియదు. పైగా ఆ టెర్మినల్‌లోంచి నడిపే కర్ల్, ఎస్‌ఎస్‌హెచ్ అన్నీ మీ బిల్డ్ లైబ్రరీకి అతుక్కుంటాయి. డీబగ్ చేయడానికి ఒకసారి వాడండి, కాపురం పెట్టకండి.

లోడర్ గొడవ తీరాక ఇంకో గుమ్మం ఉంది. కొత్త ప్రోగ్రామ్‌తో ఏదైనా సర్వర్‌కి కనెక్ట్ అయితే లోకల్ ఇష్యూయర్ సర్టిఫికెట్ దొరకలేదు, ఎర్రర్ 20 అంటుంది. సిస్టమ్ కర్ల్‌తో అదే సర్వర్ చక్కగా వస్తుంది. బిల్డ్‌లో లోపం లేదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ తనతో పాటు రూట్ సర్టిఫికెట్లు (ఏ సర్వర్‌ని నమ్మాలో తేల్చేవి) తెచ్చుకోదు. కాన్ఫిగర్ చేసినప్పుడు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌డిర్ అని ఇచ్చిన ఫోల్డర్‌లో వెతుక్కుంటుంది, ఏమీ ఇవ్వకపోతే యూజర్ లోకల్ కింద ఎస్‌ఎస్‌ఎల్‌లో. అక్కడ ఖాళీ. సిస్టమ్ సర్టిఫికెట్ల ఫోల్డర్‌కి ఒక లింక్ పెట్టండి, లేదా ఎస్‌ఎస్‌ఎల్ సర్ట్ ఫైల్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో చూపించండి. ఈ ఎర్రర్ వచ్చినప్పుడు సర్టిఫికెట్ చెకింగే ఆపేసి కోడ్ పంపేసే మహానుభావులున్నారు. వాళ్లతో నాకు పేచీ ఉంది, అది వేరే రోజు.

బోర్డు కోసం క్రాస్ కంపైల్, అంటే ఒక మెషీన్ మీద కూర్చుని ఇంకో రకం ప్రాసెసర్‌కి కంపైల్ చేయడం గురించి కాస్త ఓపికగా చదవండి, తెలుగులో దీని గురించి ఎక్కడా రాసినట్టు కనపడలేదు. టార్గెట్ పేరు లినక్స్ ఏఆర్‌ఎంవీ4. మన బోర్డు ఏఆర్‌ఎంవీ7 కదా అని కంగారుపడకండి, 32 బిట్ ఏఆర్‌ఎం అంతటికీ అదే పేరు. దాంతో క్రాస్ కంపైల్ ప్రిఫిక్స్ (కంపైలర్ పేరుకి ముందు తగిలించే మాట, ఇందాకటి ఫోల్డర్ ప్రిఫిక్స్ కాదు) ఇవ్వాలి. చాలా టూల్‌చైన్ స్క్రిప్టులు అప్పటికే సీసీ వేరియబుల్‌లో కంపైలర్ పూర్తి పేరు పెట్టి ఉంచుతాయి. కాన్ఫిగర్ ఆ పేరుకి ముందు ప్రిఫిక్స్ మళ్లీ తగిలిస్తుంది. ఏఆర్‌ఎం లినక్స్ జీఎన్‌యూ అన్న మాట రెండుసార్లు కలిసి వచ్చి, అలాంటి కంపైలర్ లేదని ఆగిపోతుంది. ఎర్రర్ లైన్ నిదానంగా చదివితే అక్కడే కనిపిస్తుంది. సీసీ తీసేసి ప్రిఫిక్స్ ఉంచండి, లేదా సీసీ ఉంచి ప్రిఫిక్స్ తీసేయండి. మరీ పాత, చిన్న 32 బిట్ ప్రాసెసర్లకి జెనరిక్ టార్గెట్ వాడితే అండర్‌స్కోర్‌లతో మొదలయ్యే అటామిక్ ఫంక్షన్లు దొరకలేదని లింకర్ అంటుంది. దానికని లినక్స్ లాటమిక్ అనే టార్గెట్ వేరే ఉంది.

అసలు టెన్షన్ బోర్డులోకి కాపీ చేశాక. మా డబ్బాలో పెట్టి నడిపితే జీలిబ్‌సీ (లినక్స్ ప్రోగ్రామ్‌లు ఆధారపడే మూల సీ లైబ్రరీ) 2.34 దొరకలేదంది. ఉబుంటు 22.04 మీద బిల్డ్ చేశాం, దాని జీలిబ్‌సీ 2.35. డబ్బాలోని డెబియన్ 11ది 2.31. కొత్త జీలిబ్‌సీ దగ్గర లింక్ చేసిన ఫైల్ పాతదాని మీద నడవదు, పాతదాని దగ్గర చేసింది కొత్తదాని మీద నడుస్తుంది. అందుకని బిల్డ్ అంతా డెబియన్ 11 డాకర్ కంటెయినర్‌లోకి మార్చాం, దాని క్రాస్ కంపైలర్‌తోనే. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ఒక్క లైన్ మార్చలేదు, ఎర్రర్ పోయింది. బోర్డుకి సొంతంగా బిల్డ్ చేసే ఎవరికైనా నేను చెప్పేది, బోర్డు మీద ఏ డిస్ట్రో ఉందో అదే కంటెయినర్‌లో కూర్చోండి.

బోర్డు సంగతి వచ్చింది కాబట్టి గడియారం కూడా. చాలా చిన్న బోర్డుల్లో బ్యాటరీతో నడిచే గడియారం ఉండదు, రాస్ప్‌బెర్రీ పై 4లో కూడా లేదు. బోర్డు మీదే బిల్డ్ చేస్తుంటే క్లాక్ స్క్యూ అని, బిల్డ్ పూర్తి కాకపోయి ఉండొచ్చని మేక్ హెచ్చరిస్తుంది. ముందు టైమ్ సరిచేసి అప్పుడు మొదలుపెట్టండి. ఫీల్డ్‌లో దీని ఇంకో అవతారం చూశాం. గాజువాక వైపు ఒక కోల్డ్ స్టోరేజీలో కరెంటు పోయి వచ్చింది, రూటర్ కంటే డబ్బా ముందు లేచింది, నెట్ లేక టైమ్ అందలేదు. సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదని టీఎల్‌ఎస్ కనెక్షన్ కొట్టేసింది. "మీ కొత్త లైబ్రరీ వేసిన దగ్గర్నుంచే ఇలా అవుతోంది మేడమ్" అని అక్కడి సూపర్‌వైజర్ ఫోను. లైబ్రరీ చేసింది చాలా సరైన పని. టైమ్ అందేదాకా ఆగి ఆ తర్వాత కనెక్ట్ అయ్యేలా సర్వీస్ మార్చాం, ఆ ఫోన్లు ఆగాయి.

పాత అల్గారిథమ్‌ల గురించి ఒక హెచ్చరిక. 3.0 నుంచి ఆర్‌సీ2, ఆర్‌సీ4, ఎండీ4 లాంటివన్నీ లెగసీ ప్రొవైడర్ అనే వేరే మాడ్యూల్‌లోకి వెళ్లిపోయాయి, అడిగితే తప్ప రావు. డిజిటల్ ఎన్వలప్ రొటీన్స్ అన్‌సపోర్టెడ్ అన్న ఎర్రర్ చూశారంటే ఇదే. నోడ్ 17 వచ్చినప్పుడు వెబ్‌ప్యాక్ 4 వాడేవాళ్లందరూ చూసిన ఎర్రర్ అదే. కస్టమర్ పంపిన పాత పీఎఫ్‌ఎక్స్ (సర్టిఫికెట్, కీ కలిపి దాచిన) ఫైల్ తెరుచుకోకపోతే బిల్డ్‌ని తిట్టకండి, అది 40 బిట్ ఆర్‌సీ2తో తాళం వేసి ఉంటుంది. పీకేసీఎస్12 కమాండ్‌కి లెగసీ ఆప్షన్ ఇచ్చి తెరిచి, కొత్త అల్గారిథమ్‌తో మళ్లీ తాళం వేసి పెట్టుకోండి. అప్పుడు కూడా లెగసీ మాడ్యూల్ దొరకలేదంటే, ఇన్‌స్టాల్ చేసిన ఫోల్డర్‌ని తర్వాత ఎవరో వేరే చోటికి జరిపారన్నమాట. మాడ్యూల్స్ ఉండే చోటు బిల్డ్ అప్పుడే లోపల రాసేస్తారు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వర్షన్ కమాండ్‌కి మైనస్ ఏ ఇస్తే మాడ్యూల్స్‌డిర్ ఎక్కడో చూపిస్తుంది.

విండోస్ మీద నేను బిల్డ్ చేయను, మా టెస్టింగ్ టీమ్ చేస్తుంది. వాళ్లని ఏడిపించేవి నాకు వినపడేంతలో చెబుతాను. స్ట్రాబెర్రీ పెర్ల్ కావాలి. గిట్‌తో వచ్చే పెర్ల్ పాత్‌లో ముందుంటే, ఈ పెర్ల్ విండోస్ లాంటి పాత్‌లు ఇవ్వదు, తగినది వాడండి అని కాన్ఫిగర్ మర్యాదగా చెప్పి ఆగిపోతుంది. నాస్మ్ అనే అసెంబ్లర్ పాత్‌లో ఉండాలి, లేదంటే నో-ఏఎస్‌ఎమ్ ఇవ్వాలి, వేగం తగ్గుతుంది. ఎక్స్64 కోసం ఎక్స్64 కమాండ్ ప్రాంప్టే తెరవాలి, తప్పు ప్రాంప్ట్ తెరిస్తే చివర్న లింకర్ మెషీన్ టైప్ కుదరలేదంటుంది. ప్రిఫిక్స్ ఇవ్వకపోతే ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి వెళ్లబోతుంది, అడ్మిన్ హక్కు లేకపోతే అక్కడ ఆగుతుంది. అంతే.

డాక్యుమెంటేషన్‌కి నా మార్కులు పూర్తిగా. ఇన్‌స్టాల్ ఫైల్, యూనిక్స్ నోట్స్, విండోస్ నోట్స్, పెర్ల్ నోట్స్, అన్నీ సోర్స్‌తోనే వస్తాయి. పైన నేను రాసినవాటిలో చాలావరకు వాటిలో ఉన్నవే. కాకపోతే పొడుగ్గా ఉంటాయి, కావాల్సిన వాక్యం ఎక్కడో మధ్యలో ఉంటుంది, ఆత్రంలో ఉన్నవాడి కంటికి అది పడదు. ఎర్రర్ రిపోర్ట్ చేయాల్సి వస్తే కాన్ఫిగ్‌డేటా డాట్ పీఎమ్ అనే ఫైల్‌ని పెర్ల్‌తో డంప్ ఆప్షన్ ఇచ్చి నడపండి. మీ టార్గెట్, ఆప్షన్లు, కంపైలర్, ఎన్విరాన్‌మెంట్ అన్నీ కక్కేస్తుంది. అది జత చేయకుండా "పనిచేయట్లేదు, హెల్ప్" అని రాస్తే ఎవరు మాత్రం ఏం చెప్పగలరు?

టెస్టుల విషయంలో కూడా మంచి సదుపాయాలున్నాయి. వీఎఫ్‌కి 1 ఇస్తే ఫెయిలైన టెస్టుల అవుట్‌పుట్ మాత్రమే చూపిస్తుంది, టెస్ట్స్ వేరియబుల్‌లో పేరు ఇస్తే ఆ ఒక్కటే నడుస్తుంది. పాత వర్షన్ బిల్డ్ చేసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. 3.0.3లో, దానికి ముందు వర్షన్లలో ఒక టెస్ట్ సర్టిఫికెట్ గడువు 2022 జూన్ 1న అయిపోయింది. ఆ తేదీ తర్వాత ఎవరు నడిపినా ఎస్‌ఎస్‌ఎల్ న్యూ అనే టెస్ట్ ఫెయిలవుతుంది. మీ మెషీన్‌లో తప్పు లేదు. కానీ అంత పాతది ఇప్పుడు ఎందుకు బిల్డ్ చేస్తున్నారో ముందు ఆలోచించుకోండి.

వేరే లైబ్రరీలు చూడలేదా అంటే చూశాం. లిబ్‌సోడియం బిల్డ్ హాయిగా అవుతుంది, కానీ అందులో టీఎల్‌ఎస్ లేదు, మాకు కావాల్సిందే అది. బోరింగ్‌ఎస్‌ఎస్‌ఎల్ అందరూ వాడుకోవడానికి కాదని దాన్ని రాసేవాళ్లే చెబుతారు. ఎంబెడ్ టీఎల్‌ఎస్ చిన్న మైక్రోకంట్రోలర్లకి నాకు నచ్చింది, తర్వాతి మోడల్ డబ్బాలో అదే పెట్టొచ్చు. కానీ ఇప్పటి డబ్బాలో పైథాన్, కర్ల్, ఎంక్యూటీటీ క్లయింట్ అన్నీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌నే అడుగుతాయి. అన్నిటినీ మార్చే ఓపిక ఎవరికుంది?

3.5కి మారాక ఒకటి గమనించండి, ఇది బిల్డ్ సమస్య కాదు కానీ బిల్డ్ చేసినవాళ్ల మీదకే వస్తుంది. ఇందులో టీఎల్‌ఎస్ క్లయింట్ మొదటి మెసేజ్‌లోనే ఎంఎల్-కెమ్ 768 కలిపిన హైబ్రిడ్ కీ పంపుతుంది. ఆ కీలో ఎంఎల్-కెమ్ భాగమే 1184 బైట్లు, దాంతో మెసేజ్ ఒక ప్యాకెట్‌లో పట్టక రెండో ప్యాకెట్‌లోకి పోతుంది. దారిలో పాత ఫైర్‌వాల్ ఉంటే కొన్ని దాన్ని మింగేస్తాయి, కనెక్షన్ ఏ ఎర్రర్ లేకుండా వేలాడుతుంది. గ్రూప్స్ ఆప్షన్‌లో పాత పద్ధతి ఎక్స్25519 ఒక్కటే ఇచ్చి ప్రయత్నించండి. వెంటనే కలిసిందంటే కస్టమర్ ఐటీవాళ్లకి ఫైర్‌వాల్ అప్‌డేట్ చేయమని మెయిల్ పెట్టండి. అంతవరకు కాన్ఫిగ్ ఫైల్‌లో గ్రూప్ తగ్గించి నడపండి, రీబిల్డ్ అక్కర్లేదు.

3.0 మీద ఉన్నవాళ్లకి సపోర్ట్ 2026 సెప్టెంబర్ 7 వరకే. 3.5 సపోర్ట్ 2030 ఏప్రిల్ దాకా ఉంది. ఎలాగూ బిల్డ్ స్క్రిప్ట్ ముట్టుకోవాల్సిందే కాబట్టి, లిబ్‌డిర్ ఆప్షన్ దానితో పాటే పెట్టేయండి.